నీళ్లు, రోడ్లు, చెత్త ప్లాన్లన్నీ కలిపి కుడితే చిన్న పట్టణానికి దీర్ఘకాలిక వ్యూహం అవుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: నలభై వేల జనాభా ఉన్న పట్టణం. రాబోయే 30 ఏళ్లకు సమగ్ర వ్యూహం తయారుచేసే కమిటీలో మిమ్మల్ని వేశారు. నీటికొకటి, రోడ్లకొకటి, చెత్తకొకటి, ఇళ్ల స్థలాలకొకటి ఇప్పటికే విడివిడిగా ప్లాన్లున్నాయి. వాటిని ఒక పుస్తకంగా కలిపేస్తే చాలునా, చాలకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి, పాలకవర్గం మారినా అది నిలబడాలంటే ఏం చేయాలి అని అడిగారు.

చాలదు. అలా కలిపింది అతుకుల బొంత అవుతుంది. ముందు ఊరికి ఇప్పటికే ఉన్న పైపులు, పంపులు, రోడ్లు, భవనాలను 30 ఏళ్లు నడపడానికి ఎంతవుతుందో, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో లెక్క వేయండి. ఆ తర్వాత ఊరు ఏ వైపు, ఎంత దూరం వరకు పెరగాలో తేల్చండి. ఈ రెండూ తేలితే మిగతా ప్లాన్లు చాలావరకు దారికొస్తాయి. ఇవి తేలకుండా ఎన్ని వందల పేజీలు రాసినా ఎవరికి వారే యమునా తీరే.

నేను 22 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి ఎనిమిదేళ్లు కన్సల్టెన్సీలో కూర్చుని ప్లాన్లు రాశాను. తర్వాత చిన్న పురపాలక సంఘాల్లో వాటిని అమలుచేసే వైపుకు వచ్చాను. వచ్చిన మొదటి నెలలోనే, నేను రాసిన ప్లానే ఒకటి అక్కడి బీరువాలో కట్టు కూడా విప్పకుండా కనిపించింది. కింద చెప్పేదాంట్లో కాస్త చేదు తగిలితే దానివల్లేననుకోండి.

ముందు "సమగ్రం" అన్న మాట సంగతి చూద్దాం. ప్రతి శాఖా తన ప్లానులో సరైన పనే చేస్తుంది. చిక్కల్లా ఒక శాఖ సరైన పని ఇంకో శాఖ నెత్తిన ఖర్చుగా పడటంలో ఉంది. నేను పనిచేసిన ఒక పట్టణంలో నడిబొడ్డున ట్రాఫిక్ భరించలేకుండా ఉండేది. రోడ్ల విభాగం బస్ స్టేషన్‌నూ మార్కెట్‌నూ మూడు కిలోమీటర్ల అవతల బైపాస్ పక్కకు మార్చమంది. మార్చారు. ట్రాఫిక్ నిజంగానే తగ్గింది, వాళ్ల నివేదికలో అది విజయమే. రెండేళ్లు తిరిగేసరికి నడిబొడ్డున దుకాణాలు ఖాళీ అయ్యాయి, అద్దెలు పడిపోయాయి, ఆస్తిపన్ను బకాయిలు పేరుకున్నాయి. ఇదివరకు నడిచి మార్కెట్‌కు వెళ్లినవాళ్లు బండి కొనాల్సి వచ్చింది. బైపాస్ పక్కన కొత్త కట్టడాలు లేచాయి, వాటికి నీళ్లివ్వమని నీటి విభాగం మీద ఒత్తిడి వచ్చింది. అంత పొడవు లైను వేయడానికి వాళ్ల దగ్గర డబ్బులేదు. ఆ మార్పిడి ఫైలు మీద నేనూ సంతకం పెట్టాను. నీటి ఇంజినీరును ఒక్క మాట అడగాలని ఆ రోజు నాకూ తోచలేదు.

ఇదే సమస్యను స్పెయిన్‌లోని పొంతెవేద్రా పూర్తిగా తిరగేసి చూసింది. దాదాపు 80 వేల జనాభా ఉన్న పట్టణం అది. 1999లో మేయరైన మిగెల్ అన్షో ఫెర్నాండెజ్ లోరెస్ పాలకవర్గం, ఊరి మధ్యకు వచ్చే వాహనాల్లో ఎక్కువ భాగం అక్కడ పని ఉండి రావట్లేదని, దాటిపోవడానికో పార్కింగ్ వెతుక్కోవడానికో తిరుగుతున్నాయని గమనించింది. మార్కెట్‌నూ ఆఫీసులనూ ఉన్నచోటే ఉంచి, అనవసరంగా వచ్చే వాహనాలను తగ్గించింది. పాత పట్టణంలో సుమారు మూడు లక్షల చదరపు మీటర్లు నడిచేవాళ్లకు వదిలేశారు. సరుకులు దించే బండ్లకూ అక్కడ నివసించేవాళ్లకూ దారి ఉంది. ఆ నిర్ణయం పైకి రవాణాకు సంబంధించినది, కానీ దుకాణాల బతుకు, పిల్లలు ఒంటరిగా బడికి వెళ్లగలగడం, గాలి, అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. ఒక్క నిర్ణయం మూడు నాలుగు శాఖల పని ఒకేసారి చేసిపెడితే సమగ్రం అంటాను నేను. మీ ముసాయిదాలో ప్రతి ప్రతిపాదన పక్కనా "దీనివల్ల ఇంకెవరి ఖర్చు తగ్గుతుంది, ఎవరి ఖర్చు పెరుగుతుంది" అని ఒక గడి పెట్టండి. చాలా ప్రతిపాదనలు అక్కడే రాలిపోతాయి.

ఇప్పుడు నిర్వహణ లెక్క. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే కాబట్టి కాస్త విస్తరంగా చెబుతాను.

ఒక వీధికి రెండు వైపులా ఇళ్లున్నాయనుకోండి. ఒక్కో ఇంటి ముఖం, అంటే వీధి వైపు వెడల్పు, ఎనిమిది మీటర్లు. అప్పుడు ఇంటికి పడే పైపు పొడవు నాలుగు మీటర్లు. రోడ్డూ అంతే, మురుగు లైనూ అంతే. ఊరి శివార్లలో 20 మీటర్ల ముఖం ఉన్న ప్లాట్లు వేసి, అందులో సగం ఖాళీగా ఉంటే, కట్టిన ఒక్కో ఇంటికి పడేది 20 మీటర్లు. అయిదు రెట్లు. ఆ ఇల్లు అయిదు రెట్లు పన్ను కట్టదు. పైగా లేఔట్ వేసినాయన మొదటిసారి పైపు తన డబ్బుతో వేసి అప్పగిస్తాడు కాబట్టి, అందరికీ అది ఉచితంగా వచ్చినట్టే ఉంటుంది. ఆ పైపు పగిలినప్పుడు, ఆ రోడ్డు గుంతలు పడినప్పుడు బాగుచేయాల్సింది మాత్రం పురపాలక సంఘమే. ఇలాంటి లేఔట్లు ఓ ఇరవై అప్పగించుకున్న పట్టణం, పదేళ్ల తర్వాత అవన్నీ దాదాపు ఒకేసారి మరమ్మతుకొచ్చినప్పుడు ఎక్కడివక్కడ వదిలేయడం తప్ప చేయగలిగేది ఉండదు.

తారు రోడ్డు పది పదిహేనేళ్లకు మళ్లీ పూర్తిస్థాయిలో వేయించుకుంటుంది. పంపు మోటారూ దాదాపు అంతే బతుకుతుంది. మంచి ఇనుప పైపు 50 ఏళ్లు దాటి కూడా పనిచేస్తుంది. అంటే 30 ఏళ్ల ప్లానులో మీరు పంపులను కనీసం రెండుసార్లు మార్చాలి, రోడ్లను కనీసం రెండుసార్లు వేయాలి. ఈ ఖర్చు నేను చూసిన ప్లాన్లలో ఎక్కువ వాటిలో లేదు, నేను రాసినవాటితో సహా. కట్టడానికి గ్రాంటు వస్తుంది, నడపడానికి రాదు. గ్రాంటు వస్తోంది కదా అని పెద్దది కట్టడం అంటే, ఎదుటివాడు పెట్టుబడి పెట్టాడని ఏనుగును కొనుక్కోవడమే. మేత మనదే.

అందుకని ఒక రిజిస్టరు తయారుచేయించండి. ప్రతి పంపు, ట్యాంకు, ప్రధాన వాల్వు, రోడ్డు ముక్క, వీధి దీపాల లైను, భవనం ఏ సంవత్సరంలో పెట్టారు, ఇంకెన్నేళ్లు వస్తుంది, మార్చడానికి ఎంత. ఇది కంప్యూటర్లో అందంగా ఉండక్కర్లేదు. పాత ఫిట్టర్లనూ లైన్‌మన్లనూ కూర్చోబెట్టి అడగండి. ఏ వాల్వు ఎక్కడ మట్టిలో పూడిపోయిందో వాళ్లకు తెలిసినంత ఏ డ్రాయింగుకూ తెలియదు. ఒక పట్టణంలో మేం ఈ పని మొదలుపెట్టిన నాలుగు నెలలకు, ఆ సమాచారంలో సగం తెలిసిన పెద్దాయన రిటైరయ్యాడు. కాస్త ఆలస్యం చేసి ఉంటే ఆ సమాచారమంతా ఆయనతోనే వెళ్లిపోయేది.

తర్వాత జనాభా అంచనా. ఇక్కడ నాతో చాలామంది విభేదిస్తారు. ప్రతి ప్లానూ జనాభా పెరుగుతుందనే మొదలవుతుంది, ఎందుకంటే పెరుగుతుందని రాస్తేనే పెద్ద ప్రాజెక్టు న్యాయంగా కనిపిస్తుంది. మీ వ్యూహాన్ని మూడు అంచనాలకు పరీక్షించండి: పెరిగితే, ఇలాగే ఉంటే, తగ్గితే. మూడింటిలోనూ నిలబడే పనులే ముందు చేయండి.

తగ్గడం అనేది ఊహ కాదు. జపాన్‌లో హొక్కైదో ద్వీపంలోని యూబరి బొగ్గుగనుల పట్టణం. 1960 ప్రాంతంలో అక్కడ లక్షా పది వేలకు పైగా జనం ఉండేవాళ్లు. గనులు ఒక్కొక్కటీ మూతపడి, 1990లో చివరిదీ పోయింది. పోయిన ఉద్యోగాల స్థానంలో పర్యాటకం తెద్దామని పట్టణం అప్పులు చేసి వినోద పార్కు, స్కీ రిసార్టు, హోటళ్లు అంటూ ఖర్చుపెట్టింది. అప్పుచేసి పప్పుకూడు అన్నట్టయింది. 2007లో అధికారికంగా దివాలా స్థితిలోకి వెళ్లింది. తీర్చాల్సిన భారం మూడున్నర వేల కోట్ల యెన్ల పైచిలుకు అని లెక్క తేలింది. ఉద్యోగుల జీతాలు కోశారు, బడులు కలిపేశారు, జనం ఇంకా వెళ్లిపోయారు. ఆ తర్వాత వాళ్లు తీసుకున్న దారి, చెల్లాచెదురుగా ఉన్న గనుల కాలనీల నుంచి మిగిలినవాళ్లను మెల్లగా ఊరి మధ్యకు దగ్గర చేయడం. అదే పని డబ్బున్న రోజుల్లో చేసి ఉంటే ఎంత తేలికయ్యేదో.

పెద్దదిగా కట్టడంలో ఇంకో సాంకేతిక చిక్కుంది, దీన్ని రాజకీయ నాయకులకు చెప్పడం కష్టం. మురుగునీటి శుద్ధి కేంద్రం బ్యాక్టీరియా మీద నడుస్తుంది. వాటికి రోజూ తగినంత మురుగు మేతగా అందాలి. రెట్టింపు జనాభాకు కట్టిన కేంద్రానికి మూడోవంతు మురుగే వస్తే అది సరిగా పనిచేయదు, కరెంటు బిల్లు మాత్రం దాదాపు పూర్తిగా వస్తుంది. తాగునీటి పైపులు మరీ లావుగా వేస్తే నీళ్లు వాటిలో ఎక్కువసేపు నిలిచి, చివరి ఇంటికి చేరేసరికి క్లోరిన్ తగ్గిపోతుంది. నేను చూసిన ఒక కేంద్రం మొదటి ఆరేళ్లూ రోజుకు కొన్ని గంటలే నడిచింది. విభాగాలుగా విడగొట్టి, ముందు ఒకటి కట్టి, అవసరాన్నిబట్టి రెండోది చేర్చే పద్ధతి చిన్న పట్టణానికి మంచిది. స్థలం మాత్రం ముందే మొత్తానికి తీసిపెట్టుకోండి.

ఇక లక్ష్యం ఎలా రాయాలి. ఇవాళ్టి పోకడలను ముందుకు సాగదీస్తే 30 ఏళ్ల తర్వాత వచ్చేది ఇవాళ్టి ఊరే, కాస్త లావుగా. దానికి బదులు, 30 ఏళ్ల తర్వాత ఊరు ఎలా ఉండాలో ముందు తేల్చుకుని, అక్కడినుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చి "అలా ఉండాలంటే పదేళ్ల ముందు ఏం జరిగి ఉండాలి, అయిదేళ్ల ముందు ఏం జరిగి ఉండాలి" అని చూసే పద్ధతి ఉంది. స్వీడన్‌లో 1989లో కార్ల్-హెన్రిక్ రొబెర్ట్ అనే క్యాన్సర్ వైద్యుడు మొదలుపెట్టిన నేచురల్ స్టెప్ సంస్థ ఈ పద్ధతినే చాలా పట్టణాలకు అలవాటు చేసింది. కెనడాలోని విస్లర్ అనే కొండపట్నం 2000ల మొదట్లో 2020 నాటికి ఎలా ఉండాలో ఈ పద్ధతిలోనే రాసుకుంది.

విస్లర్‌లో నాకు నచ్చేది ఆ పత్రం కంటే దానికి ముందే, 1997లో, వాళ్లు పెట్టిన గృహవసతి సంస్థ. స్కీయింగ్‌కు వచ్చే సంపన్నుల వల్ల ఇళ్ల ధరలు పెరిగి, అక్కడ పనిచేసేవాళ్లు అక్కడ ఉండలేని పరిస్థితి వచ్చింది. ఉద్యోగుల్లో కనీసం 75 శాతం మంది ఊళ్లోనే నివసించాలి అని ఒక గీత గీసుకున్నారు. చూడటానికి అది ఇళ్ల లక్ష్యం. కానీ పనివాళ్లు ఊళ్లోనే ఉంటే రోజూ దూరం నుంచి వచ్చే కార్లు తగ్గుతాయి, బడుల్లో పిల్లలుంటారు, అగ్నిమాపక దళానికి మనుషులు దొరుకుతారు. మీ వ్యూహంలో ఇలాంటి అంకెలు ఏడెనిమిదికి మించి పెట్టకండి. ప్రతి ఏటా కొలవగలిగేవే పెట్టండి. నేను ఒకసారి 64 సూచికలతో ప్లాను రాశాను. రెండో ఏడాది వాటిలో తొమ్మిదింటికే లెక్కలు వచ్చాయి, మూడో ఏడాది అడిగేవాళ్లే లేరు.

డబ్బు గురించి రెండు ఉదాహరణలు చెబుతాను, ఒకటి ఆశ పుట్టించేది, ఒకటి జాగ్రత్త చెప్పేది.

ఇంగ్లండ్‌లో లెచ్‌వర్త్ 1903లో, గార్డెన్ సిటీల ఆలోచన ముందుకు తెచ్చిన ఎబెనీజర్ హోవర్డ్ బాటలో మొదలైన పట్టణం. ఇప్పుడు ముప్పై వేలకు పైగా జనాభా. పంట భూముల ధరకు కొన్న నేల పట్టణంగా మారితే విలువ పెరుగుతుంది, ఆ పెరిగిన విలువ ఊరికే దక్కాలి అన్నది మూల సూత్రం. మధ్యలో చాలా ఒడిదుడుకులు వచ్చినా, 1995 నుంచి ఒక స్వచ్ఛంద ఫౌండేషన్ చేతిలో ఆ ఎస్టేటు ఉంది. దాని ఆదాయం ఊరి మీదే ఖర్చవుతోంది. మీరు పూర్తిగా అలా చేయలేకపోవచ్చు. కానీ కొత్త రోడ్డో నీటి లైనో వేసే ముందు దాని పక్కన కొంత నేల పురపాలక సంఘం చేతిలో ఉండేలా చూసుకోవడం, ఉన్న నేలను అమ్మేయకుండా దీర్ఘకాలిక లీజుకు ఇవ్వడం ఏ చిన్న పట్టణమైనా చేయగలదు. భూమి అమ్మి జీతాలివ్వడం మొదలైన పట్టణం దగ్గర ఏ వ్యూహమూ పనిచేయడం నేను చూడలేదు.

రెండోది ఆస్ట్రియాలోని గ్యూసింగ్. సుమారు నాలుగు వేల జనాభా. ఇంధనం కొనడానికి ఊరి డబ్బు బయటికి పోతోందని గ్రహించి, 1990 ప్రాంతంలో చుట్టూ ఉన్న అడవుల కలపతోనే ఊరికి కరెంటూ, చలికి ఇళ్లను వెచ్చబరిచే వేడీ తయారుచేసుకుందామనుకున్నారు. 2001లో కలపను వాయువుగా మార్చి కరెంటు తీసే ప్లాంటు మొదలైంది. చౌక వేడి కోసం కంపెనీలు వచ్చాయి, ప్రపంచం నలుమూలల నుంచి జనం చూడటానికి వచ్చారు. కానీ ఆ కరెంటుకు వచ్చే ప్రత్యేక ధర గడువు తీరాక ప్లాంటు నిలబడలేకపోయింది, చివరికి ఆగిపోయింది. ఊరు నేర్చుకున్నది వృథా పోలేదు, కానీ పై ప్రభుత్వం ఇచ్చే ధర మీద ఆధారపడిన ఏ పథకానికైనా "ఇది ఆగిన మర్నాడు ఏం చేస్తాం" అన్న పేజీ ఒకటి ముందే రాసుకోవాలి.

చెత్త విషయం క్లుప్తంగా. అందరూ జపాన్‌లోని కమికాత్సు గురించి చెబుతారు. సుమారు పదిహేను వందల మంది, నలభైకి పైగా రకాలుగా వేరుచేయడం, 80 శాతం దాకా తిరిగి వాడకం. నిజమే. 2003లో ప్రకటించుకున్న సున్నా చెత్త లక్ష్యం 2020కి పూర్తిగా అందలేదు, కానీ సాధించింది చిన్నది కాదు. అయితే అక్కడ ఇంటింటికీ తిరిగే బండి లేదు, జనమే తెచ్చి వేరుచేస్తారు. నలభై వేల జనాభాకు దాన్ని యథాతథంగా దించుకోవాలని చూస్తే బెడిసికొడుతుంది. తడి చెత్తను వేరుచేసి వీలైనంత దగ్గర్లో ఎరువు చేయడం ఒక్కటి గట్టిగా పట్టుకోండి. లారీల ఖర్చు అక్కడే తగ్గుతుంది.

పాలకవర్గం మారితే ఎలా అన్నారు. దీనికి నా దగ్గరున్న మంచి జవాబు స్వీడన్‌లోని వెక్షో. 1996లో అక్కడి కౌన్సిల్ శిలాజ ఇంధనాలు వాడని ఊరుగా మారాలని అన్ని పార్టీలూ కలిసి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ ఏకగ్రీవం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఊరి పక్కనే ఉన్న ట్రుమ్మెన్ సరస్సు మురుగుతో చచ్చిపోయి కంపుకొట్టేది. మురుగును మళ్లించినా బాగుపడలేదు, ఎందుకంటే అడుగున పేరుకున్న బురద లోంచి పోషకాలు ఊరుతూనే ఉండేవి. 1970-71లో ఆ బురదను తోడించారు. కొన్నేళ్లకు జనం అందులో మళ్లీ ఈదారు. 1980లో ఊరి వేడి సరఫరాకు చమురు బదులు కలప ముక్కలు వాడటం మొదలుపెట్టారు. అంటే పెద్ద తీర్మానానికి ముందు పాతికేళ్ల పాటు కంటికి కనిపించిన ఫలితాలున్నాయి. ఏ పార్టీవాళ్లకైనా అందులో తమ వాటా చెప్పుకునే వీలుంది.

దీన్నిబట్టి నేను చేసేది ఇది. వ్యూహం మొదటి రెండేళ్లలో పూర్తయ్యి, అందరికీ కనిపించే పని ఒకటి ఎంచుకుంటాను. దాని పేరు ఏ నాయకుడికీ ముడిపెట్టను. ప్రతిపక్ష సభ్యులను మొదటి సమావేశం నుంచీ కూర్చోబెడతాను, ముసాయిదా అయిపోయాక "అభిప్రాయం చెప్పండి" అని పిలిస్తే వాళ్లు చెప్పేది అభ్యంతరమే. అన్నిటికన్నా పనిచేసే ఉపాయం కాస్త నీరసంగా ఉంటుంది: వార్షిక బడ్జెట్ ఫారంలోనే ఒక కాలమ్ చేర్పించడం. ప్రతి కొత్త పనికీ "ఏటా నిర్వహణకు ఎంత, ఎవరు భరిస్తారు" అని. తీర్మానాలు మరిచిపోతారు, ఫారం మాత్రం గుమాస్తా ప్రతి ఏడూ అదే వాడతాడు. ఒక పట్టణంలో మూడు పాలకవర్గాలు మారినా ఆ కాలమ్ అలాగే ఉంది. దాన్ని ఎవరు పెట్టించారో ఇప్పుడు అక్కడ ఎవరికీ తెలియదు.

నా సలహా ఎక్కడ పనిచేయదో కూడా చెప్పాలి. ఒకే పెద్ద ఫ్యాక్టరీయో గనో ఆధారంగా బతికే ఊరికి ఈ క్రమం సరిపోదు, అక్కడ ఉపాధి ప్రశ్నే మొదటిది. మహానగరం నీడలో ఉన్న పట్టణానికి తన భూమి మీద తనకే పట్టుండదు, పొరుగు పాలక సంస్థలతో ఒప్పందం లేకుండా అడుగు వేయలేదు. సాంకేతికంగా అన్నీ బాగా చేసినా జనం రాకపోవచ్చు కూడా. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని గ్రీన్స్‌బర్గ్‌ను 2007 మే 4న సుడిగాలి దాదాపు మొత్తంగా తుడిచిపెట్టేసింది. ప్రభుత్వ భవనాలను అత్యున్నత హరిత ప్రమాణాలతో కట్టుకున్నారు, గాలిమరల కరెంటు తెచ్చుకున్నారు. కానీ 2000లో 1,574 ఉన్న జనాభా 2010కి 777కి పడిపోయింది, ఆ తర్వాతా కోలుకోలేదు. వాళ్లు తప్పు చేశారని అనను. భవనాలు బాగుంటే జనం వస్తారన్న నమ్మకం మీద మాత్రం లెక్కలు వేయకండి.

మొదటి మూడు నెలలు మీరైతే ఏం చేయాలి అంటే: పైన చెప్పిన రిజిస్టరు మొదలుపెట్టండి, అది సగం అయినా సరే. ఊరి పటం మీద ఇప్పటికే పైపు, రోడ్డు ఉండి ఖాళీగా పడి ఉన్న ప్లాట్లన్నీ రంగు వేయించండి. కొత్త లేఔట్లకు అనుమతి ఇచ్చే ముందు అవెన్ని ఉన్నాయో చూస్తే కమిటీలో వాదన స్వరూపమే మారుతుంది. నీటి, రోడ్ల, పట్టణ ప్రణాళిక ఇంజినీర్లను వారానికోసారి ఒకే బల్ల దగ్గర, ఒకే పటం ముందు కూర్చోబెట్టండి. చిన్న పట్టణానికున్న గొప్ప సౌకర్యం ఇదే, వాళ్లు ముగ్గురూ అదే భవనంలో ఉంటారు, చాలాసార్లు ఇద్దరి పనులూ ఒకడే చూస్తుంటాడు. కన్సల్టెంటును ఆ తర్వాత పిలవండి, ముందు కాదు.

మీ నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో, గత పదేళ్లలో ఊరు ఏ వైపు పెరిగిందో, ఆస్తిపన్ను ఎంత శాతం వసూలవుతోందో కింద రాస్తే ఏది ముందు పట్టుకోవాలో ఇంకాస్త సూటిగా చెప్పగలను.